అమెరికా ఖర్చు కోతలు, ప్రెసిడెంట్ గ్రాఫు: లొల్లికి దిగే ముందు ఆ నంబర్లు ఎట్ల చదవాలె

మా షాపు మహబూబ్‌నగర్ల బస్టాండు దగ్గర్నే. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్టు స్లాట్లు, వీసా ఫారాలు నింపుడు, గివే పనులు. నేను ఎకానమిస్టును గాదు, పొలిటికల్ అనలిస్టును అసలే గాదు, కాని మా కౌంటర్ ముంగట నిలవడి అమెరికా సంగతులు అడిగేటోళ్లు రోజుకు ఇద్దరు ముగ్గురన్న ఉంటరు గాబట్టి చదువుకోక తప్పలే. ఒకప్పుడు పాలమూరోళ్లు వలస పోతున్నరంటే బొంబాయి, పుణె అనేటోళ్లు, ఇప్పటికీ పోతున్నరనుకోండి, కాని దాంతోపాటే జడ్చర్ల, కల్వకుర్తి, అటు దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి పొలం కుదువ వెట్టి మరీ పోరగాళ్లను డల్లాస్‌కు, చికాగోకు తోలుతున్నరు. అందుకే వాషింగ్టన్ల ఎవరో ఒక ఖర్చు కొట్టేస్తే ఈడ చాయ్ హోటల్ల గ్లాసు కింద వెట్టి లొల్లి మొదలైతది.

మొన్న అచ్చంపేట దిక్కు నుంచి ఒక కాక వచ్చిండు, కొడుకు ఆడ ఎం.ఎస్. అయిపోయి ఈ నడుమనే ఉద్యోగంల చేరిండు. ఫోన్ తీసి వాట్సాప్ల వచ్చిన వీడియో ఒకటి సూపిచ్చిండు, పైన ఎర్రక్షరాలల్ల "అమెరికా ఖజానాకు లక్షల కోట్లు ఆదా" అని, కింద పచ్చక్షరాలల్ల "ప్రెసిడెంట్ గ్రాఫ్ ఢమాల్" అని. "బిడ్డా, పైసలు మిగిలిస్తే జనం మెచ్చుకోవాలె గద, మరి గ్రాఫ్ ఎందుకు పడ్డట్టు? రెండిట్ల ఏదో ఒకటి అబద్ధం" అన్నడు. ప్రశ్న మంచిదే. కాని ఒకటి అబద్ధం అని గాదు, రెండూ సగం సగమే చెప్పినయ్. ఆయనకు ఆ రోజు చెప్పిందే ఇంకొంచెం ఇవరంగ రాస్తున్న. మొత్తం పద్ధతి ఒక్క మాట మీద నడుస్తది, ఏ నంబర్ కనవడ్డా "ఎంతల ఎంత?" అని అడుగుడు.

మొదలు సున్నాల సంగతి

మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఇది ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకోండ్రి, ఎందుకంటే మన యూట్యూబ్ తంబ్‌నెయిళ్లల్ల మిలియన్, బిలియన్ రెండిటినీ కవల పిల్లల్లెక్క ఒకదాని పేరుతోని ఒకదాన్ని పిలుస్తరు, ఒకదానికి ఇంకోటి వెయ్యింతలు. ఇంకోటి, డాలర్లను రూపాయలల్లకు మార్చకండ్రి. చెయ్యి ఆగదు, నాకెరుకే, ఫోన్ల క్యాలిక్యులేటర్ తీసి గుణించబుద్ధైతది, కాని ఆ వచ్చిన సంఖ్య ఎంత పొడుగుంటదంటే దాన్ని చూసి అబ్బో అనుడు తప్ప ఇంకేం చెయ్యలేం, ఎక్కువనా తక్కువనా అసలు సమజే గాదు.

దానికి బదులు నేను కాకకు చేసి సూపిచ్చింది ఇది. పాడైపోయిన జిరాక్సు కాయిదం ఎన్కకు తిప్పి 1 బిలియన్ డాలర్లంటే 10 రూపాయలు అనుకుందాం అన్న. వాళ్ల ఆర్థిక సంవత్సరం మనలెక్క ఏప్రిల్ నుంచి గాదు, అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. 2024 ఆర్థిక సంవత్సరంల వాళ్ల కేంద్ర ప్రభుత్వం ఖర్చు దగ్గర దగ్గర 6.75 ట్రిలియన్ డాలర్లు, ఆమ్దానీ 4.9 ట్రిలియన్లు. అంటే మన కాయిదం మీద 49 వేల ఆమ్దానీ, 67,500 ఖర్చు ఉన్న ఇల్లన్నట్టు. నడుమ తక్కువ పడ్డ 18 వేల చిల్లర అప్పు. అది గూడ ఒక్క ఏడాది అప్పు, పాతది వేరే ఉన్నది.

ఇగ ఖర్చు ఏడికి పోతుందో రాసిన. పని మానేసిన ముసలోళ్ల పింఛన్లు, అదే సోషల్ సెక్యూరిటీ, 14,600. 65 ఏండ్లు దాటినోళ్ల దవాఖాన ఖర్చు మెడికేర్, 8,700 దాకా. పాత అప్పులకు వడ్డీనే 8,800. మిలిటరీకి 8,500. పేదోళ్ల వైద్యం మెడికెయిడ్ 6,200. ఈ ఐదు కలిపితేనే 46 వేలు దాటింది. వీటిట్ల పింఛన్ల మీద, మెడికేర్ మీద చెయ్యి వేస్తే ఎలక్షన్ల సఫా అయితమని ఏ పార్టీ గూడ దగ్గరికి పోదు, వడ్డీ కట్టక తప్పదు, మిలిటరీకి ఏటేటా పెంచుడే. మెడికెయిడ్ మీద, మిగిలిన 20 వేల మీదనే కోతల లొల్లంత. ఆఫీసులల్ల చేసే సివిలియన్ ఉద్యోగుల జీతాలు 3 వేల దరిదాపుల ఉంటయ్, ఎంతమందిని తీసేసినా ఇల్లు మొత్తం బాగుపడే లెక్క అండ్ల లేదు. విదేశాలకు ఇచ్చే సాయమైతే 700 చిల్లర.

కాక ఆ 700 మీద వేలు వెట్టి "గింతేనా, మరి అంత బయిటి దేశాలకే దోచిపెడ్తున్నరని అంటరు గద" అన్నడు. ఆడి జనం గూడ గట్లనే అనుకుంటరు కాకా అని చెప్పిన. కేఎఫ్ఎఫ్ అనే సంస్థ ఎన్నోసార్లు సర్వే చేసి అడిగితే బడ్జెట్ల విదేశీ సాయం సగటున నాలుగో వంతు చుట్టుపక్కల ఉంటదని జనం అంచనా చెప్పిన్రు, అసలుకేమో 1 శాతం దరిదాపుల.

ఆ కాయిదం పారెయ్యకుండ్రి. ఇప్పటి నుంచి టీవీల ఏ కోత గురించి విన్నా ఆ ఇంటి మీదికి తెచ్చి చూసుడే.

"ఆదా" అన్నరు, ఏ ఆదా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా మామ ఉంటడు. ఒక ఎండకాలం బోరు బండాయనతోని 800 ఫీట్ల దాకా పోదామని మాట్లాడుకున్నడు, అదృష్టం బాగుండి 350 ఫీట్లకే నీళ్లు పడ్డయ్, బండి ఆపేసిన్రు. ఏ పెండ్లిల కలిసినా మా మామ ఇప్పటికీ "450 ఫీట్ల పైసలు మిగిలిచ్చిన" అంటడు. ఆ పైసలు ఎన్నడు నీ జేబుల ఉన్నయో చెప్పు అని మా అత్త అక్కడ్నే అడుగుతది.

డోజ్ లెక్కలల్ల గిదే కథ శానా ఉన్నది. డోజ్ అంటే గవర్నమెంటుల వేస్టు ఖర్చు ఏరేస్తమని 2025 జనవరి 20 నాడు, ట్రంప్ రెండోసారి కుర్చీ ఎక్కిన రోజే పెట్టిన విభాగం, ఎలాన్ మస్క్ ముంగట వడి నడిపిచ్చిండు. ఎలక్షన్లకు ముందు 2 ట్రిలియన్లు కోస్తమన్నడు, మన కాయిదం మీద 20 వేలు. తర్వాత 1 ట్రిలియన్ అయితే గొప్ప అన్నడు, 10 వేలు. 2025 ఏప్రిల్ వచ్చేసరికి 150 బిలియన్లు అన్నడు, అంటే 1,500. మే ఆఖరికల్ల ఆయనే ఎల్లిపోయిండు. పెండ్లికి పది తులాలు పెడ్తమని చెప్పి పీటల మీదికొచ్చినంక ముక్కెర సూపిచ్చినట్టు అయ్యింది గద. సరే, 1,500 గూడ తక్కువేం గాదు, నిజంగ మిగిలితే. అసలు తకరారు ఆ "నిజంగ" కాడనే ఉన్నది.

వాళ్లు రద్దు చేసిన కాంట్రాక్టుల లిస్టు వెబ్‌సైట్ల పెట్టిన్రు. అండ్ల శానా వాటికి రాసింది కాంట్రాక్టు గరిష్ఠ మొత్తం, అంటే ఇంతవరకు పోవచ్చు అని మాట్లాడుకున్నది, మా మామ 800 ఫీట్లు. గవర్నమెంటు అంత ఎన్నడు ఖర్చు పెట్టేది గాదు. కొన్ని అప్పటికే ఖర్చయిపోయినవి, బోరు ఏసినంక రద్దు చేసినట్టు. ఇంకొకటైతే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు, ఇమిగ్రేషన్ శాఖ ఐస్ కాంట్రాక్టు ఒకటి 8 బిలియన్ డాలర్ల ఆదా అని ఆ లిస్టుల అన్నిటికన్న పైన పెట్టిన్రు, పేపరోళ్లు పాత రికార్డులు తీసి చూస్తే అది 8 మిలియన్. మన కాయిదం మీద 80 రూపాయలు మిగిలినయ్ అని రాసిన్రు, అసలు 8 పైసలు. తర్వాత దిద్దుకున్నరు, కాని దిద్దుకున్న సంగతి ఏ వాట్సాప్ గ్రూపుల ఫార్వర్డ్ కాలే.

కాబట్టి "ఇంత ఆదా" అని కనవడంగనే మూడు మాటలు అడగాలె. మొదటిది, ఇంతవరకు పోవచ్చని ఒప్పుకున్న మొత్తమా, ఇయ్యాల్సి ఉన్న పైసలా, ఖజానాల నిజంగ ఆగిన పైసలా. రెండోది, ఏ ఏడాదికి? వాళ్ల దగ్గర బడ్జెట్ ముచ్చట్లు ఎక్కువగ పదేండ్ల లెక్కల చెప్తరు, మనోళ్లు దాన్ని ఒక్క ఏడాది లెక్కలెక్క చదువుతరు, నేను గూడ మొదట్ల గట్లనే మోసపోయిన, పదితోని భాగించాలని ఒక చార్టు కింద బొద్దింక కాళ్లంత అక్షరాలల్ల రాసున్నది. మూడోది, ఎవరు కోసిన్రు?

ఈ మూడోది జర ఆగి చూడాలె. అమెరికాల ఖర్చు పాస్ చేసేది కాంగ్రెస్, మన కాంగ్రెస్ పార్టీ గాదు, వాళ్ల పార్లమెంటు పేరే అది (ఈ ఒక్క ముక్క చెప్పనీకే మా షాపుల నాకు రోజు పది నిమిషాలు పోతది). కాంగ్రెస్ పాస్ చేసిన పైసలను ప్రెసిడెంట్ నేను ఖర్చు పెట్ట అని ఊకెనే ఆపనీకి లేదు, నిక్సన్ గట్లనే ఆపుకుంట పోతే 1974ల దాని మీద చట్టమే తెచ్చిన్రు. మన దగ్గర బడ్జెట్ పాసై పనులు అయిపోయినంక బిల్లులు రిలీజ్ గాక మాజీ సర్పంచులు ఎట్ల తిరిగిన్రో తెలుసు గద, పాసైన పైసలు వేరు, చేతికొచ్చిన పైసలు వేరు, ఆడ గూడ లొల్లి ఆ నడుమ జాగల్నే. డోజ్ ఆపిన కొన్నిటిని కోర్టులు మళ్ల ఇయ్యుమన్నయ్, కొన్నిటి మీద పై కోర్టు ఇంకో మాట చెప్పింది, తీసేసిన ఉద్యోగులను కొన్ని శాఖలు మళ్ల పిలిచినయ్. అందుకే "కోసిన్రు" అన్న వార్తకు తేదీ చూడకుండ నమ్మొద్దు.

కాంగ్రెస్ తోని ఓటు వేయించి పక్కాగ రద్దు చేసింది ఎంత అంటే, 2025 జులై 24న సంతకమైన చట్టంల 9 బిలియన్ డాలర్లు, విదేశీ సాయం, పబ్లిక్ రేడియో టీవీల పైసలు కలిపి. కాయిదం మీద 90 రూపాయలు. అదే నెల 4 తారీఖు నాడు సంతకమైన పెద్ద చట్టం ఉన్నది, బిగ్ బ్యూటిఫుల్ బిల్లు అన్నరు, అండ్ల మెడికెయిడ్ కోతలు ఉన్నయ్ గాని పన్ను తగ్గింపులు అంతకన్న ఎక్కువున్నయ్, వాళ్ల కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే లెక్కేసి పదేండ్లల్ల లోటు 3.4 ట్రిలియన్లు పెరుగుతదన్నది. ఒక దిక్కు 90 రూపాయలు మిగిలిచ్చి ఇంకో దిక్కు పదేండ్లల్ల 34 వేల అప్పు. ఇక 2025 ఆర్థిక సంవత్సరం మూసేసరికి మొత్తం ఖర్చు తగ్గిందా అంటే, తగ్గలే, 7 ట్రిలియన్లు దాటింది. కాక నా చేతిల పెన్ను గుంజుకుని 67,500 కొట్టేసి 70 వేలు అని ఆయనే రాసిండు. "మరి కోసింది ఏడ పోయింది?" అన్నడు. పింఛన్లు, దవాఖానలు, వడ్డీలు పెరిగినయ్ కాకా, కొడవలి పెట్టని కాడ గడ్డి పెరిగింది.

షట్‌డౌన్ గూడ కోతనే అనుకుంటరు కొందరు. కాదు. బడ్జెట్ టైముకు పాస్ గాక ఆఫీసులు బందయ్యుడు అది, 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు నడిచింది, అప్పటిదాకా వాళ్ల చరిత్రల అన్నిటికన్న పొడుగుది. అయిపోయినంక ఉద్యోగులకు ఆగిన జీతాలు ఇస్తరు, మిగిలేదేం ఉండదు.

ఇంకో మాట చెప్పకుంటే తప్పైతది. మొత్తంల చిన్నగ కనవడ్డది ఎవరి ఇంట్లనో పెద్దగుంటది. విదేశీ సాయం 700 రూపాయలే అన్న గద, దాన్ని నడిపిన యూఎస్ఎయిడ్ ప్రోగ్రాములల్ల 83 శాతం రద్దు చేస్తున్నమని 2025 మార్చిల విదేశాంగ మంత్రి మార్కో రూబియో చెప్పిండు, జులై 1 నాటికి ఆ సంస్థనే ముగిసిపోయింది. హైదరాబాద్ల ట్రాన్స్‌జెండర్ల కోసం 2021ల మొదలైన మిత్ర్ క్లినిక్ ఆ పైసల మీదనే నడిచేది, 2025 మొదట్ల మూతవడ్డది. ఆడికి మందులకు పోయేటోళ్లకు అది 1 శాతంల ఎన్నో వంతు అన్నది దేనికి పనికొస్తది? మా మేనల్లుని సంగతి గూడ గంతే. ఒక యూనివర్సిటీల రీసెర్చ్ అసిస్టెంట్ పని ఇస్తమన్నరు, ప్రొఫెసర్‌కు వచ్చే గ్రాంటు ఆగిందని చెప్పి ఒక సెమిస్టర్ జరిపిన్రు, ఆ సెమిస్టర్ ఫీజుకు మా బావ పత్తి అమ్మిన పైసలన్ని ఊడ్చి పంపిండు. అందుకే రెండు కాయిదాలు పెట్టుకోండ్రి అంటున్న, ఒకటి దేశం ఖజానాది, ఇంకోటి దెబ్బ తగిలినోళ్ల ఇంటిది. ఒక కాయిదం సూపిచ్చి రెండో దాని ప్రశ్నకు జవాబు చెప్పేటోడు కనవడితే వాదన బంద్ చేసి చాయ్ చెప్పండ్రి.

ఇగ గ్రాఫు

టీవీల గ్రాఫ్ అంటున్నది అప్రూవల్ రేటింగ్. ఎలక్షన్లు ఉన్నా లేకున్నా కొన్ని సంస్థలు నెలనెల, కొన్ని వారం వారం, ఫోన్ల అడిగో ఆన్‌లైన్ల అడిగో జనానికి ఒకటే ప్రశ్న వేస్తరు, ప్రెసిడెంట్ తన పని చేస్తున్న తీరు మీకు నచ్చుతుందా లేదా అని. గాలప్ అనే సంస్థ 1930లల్ల మొదలువెట్టింది ఈ అలవాటును. మళ్ల ఓటేస్తవా అని గాదు అడిగింది, మనిషి మంచోడా అని గాదు, ఎదుటి పార్టీ కన్న నయమా అని గూడ గాదు. మన టీవీలోళ్లు ఇయ్యాల ఎలక్షన్లు పెడితే ఓడిపోతడు అని దాన్ని చదువుతరు, అది వాళ్లు కలిపిన మసాల.

మన దిక్కు సర్వే అంటే నవ్వుతరు, నవ్వనీకి కారణం గూడ ఉన్నది. 2018ల లగడపాటి రాజగోపాల్ మహాకూటమి గెలుస్తదని చెప్తే టీఆర్ఎస్‌కు 119ల 88 వచ్చినయ్, పందేలు కాసినోళ్లు మా బస్టాండు కాడ వారం రోజులు కనవడలే. కాని 2023ల ఎక్కువ ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్ ముందున్నదనే చెప్పినయ్, 64 సీట్లతోని గెల్చింది, పాత పాలమూరు జిల్లాల 14ల 12, పాత నల్లగొండల 12ల 11. అంటే సర్వేలన్నీ దొంగవి గావు, అన్నీ నమ్మేటివి గావు, ఎట్ల చేసిన్రో చూడాలె.

1,000 మందిని అడిగి 34 కోట్ల మంది సంగతి ఎట్ల చెప్తరు అని అందరు అడుగుతరు. దావతుల బగారన్నం గంజు ఉంటది గద, ఉప్పు చూడనీకి వంటాయన ఒక్క చెంచానే తీస్తడు, గంజు 50 మందిదైనా 500 మందిదైనా చెంచా అదే, కాని తీసే ముందు అడుగు దాకా గంటె పెట్టి కలుపుతడు. కలపకుండ పైపైన తీస్తే బకెట్ నిండ తీసినా లాభం లేదు. 1936ల లిటరరీ డైజెస్ట్ అని ఒక పత్రిక కోటి మందికి కార్డులు పంపితే 20 లక్షల మంది పైన జవాబు రాసిన్రు, రూజ్‌వెల్ట్ మీద నిలవడ్డ ఆల్ఫ్ లాండన్ గెలుస్తడని పత్రిక చెప్పింది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలల్ల 46 గెల్చిండు. ఫోన్లు, కార్లు ఉన్నోళ్ల లిస్టుల నుంచి పేర్లు తీసిన్రు, ఆ కరువు కాలంల అవి ఉన్నది ఎవరికి? పైగ కార్డు తిప్పి పంపే ఓపిక గూడ కోపం ఉన్నోళ్లకే ఎక్కువుంటది. చాలా చిన్న శాంపిల్‌తోని గాలప్ సంస్థ పెట్టిన జార్జ్ గాలప్ ఆ ఎలక్షన్ సరిగ్గ చెప్పిండు. యూట్యూబ్ ఛానల్ కింద "మీరేమంటరు" అని పెట్టే పోల్‌కు లక్ష ఓట్లు వచ్చినా అది ఆ కార్డుల కథనే, పక్కకు పెట్టండ్రి.

ఎవరిని అడిగిన్రో కింద చిన్నగ రాస్తరు, అది చదవాలె. అడల్ట్స్ అంటే ఊళ్లె 18 ఏండ్లు నిండినోళ్లందరు. రిజిస్టర్డ్ ఓటర్స్ అంటే ఓటర్ లిస్టుల పేరున్నోళ్లు. లైక్లీ ఓటర్స్ అంటే పోలింగు నాడు ఎండకైనా వానకైనా లైన్ల నిలవడేటోళ్లు. మూడిట్లకెళ్లి మూడు రకాల జవాబులొస్తయ్, ఒకదాన్ని ఇంకొకదానితోని పోల్చుడు మా ఊరి పంచాయితీ ఓట్లను జెడ్పీటీసీ ఓట్లతోని పోల్చినట్టు. ఆడ ఉన్న మన పోరగాళ్లు ఓటర్లు గారు, కాని అడల్ట్స్ పోల్ల ఫోన్ వాళ్లకు తగిలితే వాళ్ల మాట గూడ లెక్కల పడుతది, ఇది చెప్తే కాక మస్తు ఖుషీ అయ్యిండు.

తర్వాత అటూ ఇటూ ఎంత అన్నది. 1,000 మంది పోల్ల ప్లస్ మైనస్ 3 ఉంటది. అంటే 41 అని వస్తే అసలుది 38 నుంచి 44 దాకా ఏడన్న ఉండొచ్చు. పోయిన నెల 41, ఈ నెల 39 వస్తే టీవీల కింద స్క్రోలింగు ఉరుకుతది, కాని అది పడ్డట్టే గాదు, చెంచా మారినట్టు. ఒకే సంస్థ నెలనెల అడిగిన వాటిని వరుసగ పెట్టి, నాలుగైదు సార్లు ఒకే దిక్కు జారితే అప్పుడు జారిందనుకోవాలె. సోమవారం ఒక సంస్థ 44 ఇచ్చి గురువారం ఇంకో సంస్థ 38 ఇస్తే "మూడు రోజులల్ల 6 పాయింట్లు" అని చెప్పేటోడు ఇద్దరు వేర్వేరు షావుకార్ల తక్కెడల మీద ఒకే మూట తూచి బరువు తగ్గింది అంటున్నట్టు. అన్ని పోల్స్ కలిపి సగటు కట్టేటోళ్లు ఉన్నరు, రియల్ క్లియర్ పాలిటిక్స్, న్యూయార్క్ టైమ్స్, సిల్వర్ బులెటిన్, అది చూసుడు నయం. ఫైవ్ థర్టీ ఎయిట్ అని పాతది 2025 మార్చిల మూతవడ్డది, ఇంకా దాని పేరు చెప్పి లెక్కలు పంపేటోళ్లు ఉంటే పాత ఫార్వర్డే.

నెట్ అన్న మాట కనవడితే జాగ్రత్త. నచ్చిందన్నోళ్లు 41, నచ్చలేదన్నోళ్లు 55 అయితే నెట్ మైనస్ 14. దీన్ని ఒక ఛానల్ల "14 శాతానికి పడిపోయిన మద్దతు" అని చదివిన్రు, నేను నా చెవులతోని విన్న.

పాత లెక్కలు గూడ ఒకసారి ముంగట పెట్టుకుంటే గాబరా తగ్గుతది. గాలప్ల అన్నిటికన్న పైకి పోయింది 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత జార్జ్ బుష్, 90 శాతం. అదే బుష్ 2008ల 25కు దిగిండు. ట్రూమన్ 1945ల 87, 1952ల 22. చిన్న బుష్ నాయిన 1991ల గల్ఫ్ యుద్ధం అయినంక 89 చూసిండు, మరుసటి ఏడు ఎలక్షన్లనే క్లింటన్ చేతుల ఓడిపోయిండు. బైడెన్ 57తోని మొదలై 2024 జులైల 36కు వచ్చిండు. ట్రంప్ ఈ రెండో పారి 2025 జనవరిల 47తోని మొదలై నవంబర్ల 36. అప్పట్ల ఏ పార్టీ ప్రెసిడెంట్‌కైనా అంత పైకి పోయే జాగ ఉండె, ఇప్పుడు లేదు, తన పార్టీ వాళ్లల్ల పది మందిల ఎనిమిది తొమ్మిది మంది ఏమైనా మెచ్చుకుంటరు, ఎదుటి పార్టీల ఒక్కడు మెచ్చుకుంటే ఎక్కువ, ఇక అటూ ఇటూ ఊగేది నడుమ ఉన్న ఇండిపెండెంట్లే, అంటే ఏ పార్టీ దిక్కు లేని జనం. గ్రాఫ్ పడ్డదంటే మొదలు వాళ్ల నంబర్ చూడాలె. కారణం గూడ ఊకెనే అంటగట్టొద్దు, 36 వచ్చిన ఆ రోజులల్ల 43 రోజుల షట్‌డౌన్, సరుకుల ధరలు, దిగుమతుల మీద టారిఫ్‌లు, ఇమిగ్రేషన్ అన్నీ ఒక్కసారే నడిచినయ్, అండ్ల కోతల వాటా ఇంత అని గీత గీసి చెప్పేటోడు అబద్ధమాడుతున్నడు.

కాక ప్రశ్నకు జవాబు

పైసలు మిగిలిస్తే మెచ్చుకోవాలె గద అన్నడు కాక. దానికి నేను చాయ్ హోటల్‌కు తోల్కపోయిన, ఎట్లాగు కరెంటు పోయి ఉండె. ఆడ ఆరుగురు కూసున్నరు. "గవర్నమెంటు ఉచితాలు తగ్గియ్యాల్నా వద్దా?" అని అడిగిన. ఆరుగురు తగ్గియ్యాలన్నరు, ఒకాయన బెంచి మీద గుద్ది మరీ అన్నడు, జనం సోమరులైతున్నరట. రెండు నిమిషాలు ఆగి మళ్ల అడిగిన. రైతు భరోసా పంటకు ఎకరానికి 6 వేలు, అది తీసేద్దామా? వద్దు వద్దు, పెట్టుబడి అది. రేషన్ సన్న బియ్యం? ఇప్పుడిప్పుడే గద తినబుద్ధైతుంది అన్నరు. ముసలోళ్ల పింఛన్? బెంచి గుద్దినాయన "మా అవ్వకు వస్తది" అన్నడు మెల్లగ. మరి ఏది తగ్గియ్యాలె అంటే ఆరుగురు ఆరు దిక్కులు చూసిన్రు, ఆఖరికి ఒకాయన "లీడర్ల కార్లు" అన్నడు.

అమెరికాల గూడ అచ్చం గిట్లనే. జనరల్ సోషల్ సర్వే అని చికాగో యూనివర్సిటీ దిక్కు నుంచి ఏండ్ల తరబడి నడిచే సర్వే ఉన్నది. అండ్ల సగం మందికి "వెల్ఫేర్ మీద ఖర్చు సరిపోతుందా" అని, మిగిలిన సగం మందికి "పేదలకు సాయం మీద ఖర్చు సరిపోతుందా" అని అడుగుతరు. పని ఒకటే, పేరే వేరు. వెల్ఫేర్ అంటే ఇంకా పెంచాలనేటోళ్లు తక్కువ, పేదలకు సాయం అంటే మస్తు మంది పెంచాలంటరు, ఈ తేడా దశాబ్దాల నుంచి మారలే. కోత అన్న మాట అందరికి నచ్చుతది, కోత ఎవరి మీద పడ్డదో పేరు చెప్పంగనే నచ్చుడు ఆగిపోతది. అందుకే ఏ పోల్ చూసినా శాతం కన్న ముందు అడిగిన ప్రశ్న యథాతథంగ ఏందో వెతకాలె, మంచి సంస్థలన్నీ ప్రశ్న మొత్తం బయట పెడ్తయ్, పెట్టని దాన్ని ఇడిసిపెట్టండ్రి.

ఇంట్ల, ఫ్యామిలీ గ్రూపులల్ల వాదన పెట్టుకునేటోళ్లకు ఒక్క చిట్కా. ఎదుటాయన నంబర్ తప్పు అని మొదలువెట్టొద్దు, ముఖ్యంగ ఆయన బావ అయితే. "బావా, ఇది ఎంతల ఎంత?" అని అడగండ్రి. తెలిస్తే చెప్తడు, మనకు గూడ ఒకటి తెలుస్తది, తెల్వకుంటే ఒక థంబ్స్ అప్ పెట్టి ఊకుంటడు.

ఇదంత విన్నంక కాక అసలు భయం బయటపెట్టిండు. కొడుకు నెలనెల పంపే పైసల మీద పన్ను వేసిన్రట, అప్పు మిత్తి ఎట్ల కట్టుడు అని. ఆ పెద్ద చట్టంల అది నిజమే, మొదలు 5 శాతం అన్నరు, తర్వాత 3.5, చివరికి 1 శాతం కాడ ఆగింది, 2026 జనవరి 1 నుంచి. కాని అది నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితేనే. ఆడి బ్యాంకు ఖాతాల నుంచి పంపినా, ఆడి డెబిట్, క్రెడిట్ కార్డుతోని పంపినా ఆ పన్ను లేదు. కాక వెంటనే కొడుకుకు ఫోన్ కలిపిండు, ఆడ అర్ధరాత్రి అని చెప్తున్నా వినలే. "ఏమిరా, నువ్వు నాకు పైసలు ఏ తీరుగ పంపుతున్నవ్, చేతిలకెళ్లా, బ్యాంకులకెళ్లా?" అటు దిక్కు నుంచి నిద్ర గొంతుతోని బ్యాంకు నుంచే నాయినా అన్నడు పోరడు. కాక ఫోన్ పెట్టేసి, ఆ జిరాక్సు కాయిదం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబుల వేసుకుని, "70 వేలు అని నేను రాసిన కాడ నీ సంతకం పెట్టు, మా ఊళ్లె నమ్మరు" అన్నడు.